కాన్ఫిగర్ ‘నో’ అంటే లైబ్రరీ లేదని కాదు

[రాత్రి, అమీర్‌పేటలో హాస్టల్ గది. మంచం మీద ల్యాప్‌టాప్, కిటికీలో చాయ్ గ్లాసు.]

నమస్తే. మొన్న పక్క రూమ్ తమ్ముడు పాత సీ ప్రాజెక్ట్ ఒకటి తెచ్చుకుని డాట్ స్లాష్ కాన్ఫిగర్ కొట్టాడు. బిల్డ్ చేసే ముందు, కావలసినవన్నీ సిస్టమ్‌లో ఉన్నాయా అని చూసే స్క్రిప్ట్ అది. యెస్, యెస్ అంటూ లైన్లు బరబరా పోయాయి. చివర్లో జీలిబ్ (zlib, కంప్రెషన్ చేసే లైబ్రరీ) దగ్గర ‘నో’ అని ఆగింది. వాడి దగ్గరున్న లైనక్స్ డెబియన్ 13. జీలిబ్ వేశాడు, దాన్ని వాడి కంపైల్ చేయడానికి కావలసిన డెవ్ ప్యాకేజీ కూడా వేశాడు. అయినా నో. పాపం, లైనక్స్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. అప్పుడూ నో!

పిల్లాణ్ణి ఉప్పు తెమ్మని పంపితే ‘లేదంట’ అని తిరిగొచ్చాడనుకోండి. షాపులో ఉప్పు లేదా? షాపే మూసుందా? అసలు వాడు షాపు దాకా వెళ్లాడా? కాన్ఫిగర్ కూడా ఆ పిల్లాడే. లైబ్రరీ కోసం డిస్కంతా వెతకదు. కాన్‌ఫ్‌టెస్ట్ డాట్ సీ అని నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి చూస్తుంది. అయితే యెస్. ఏ కారణంతో ఫెయిలైనా సరే, నో.

[స్క్రీన్: కాన్ఫిగ్ డాట్ లాగ్]

అసలు కథంతా ఈ ఫైల్లో ఉంటుంది. చాలామంది దీని ఆఖరి లైన్లు చూసి, ఏమీ అర్థం కాక మూసేస్తారు. ఆఖర్న ఉండేది వేరియబుల్స్ జాబితా, ఎర్రర్ కాదు. జీలిబ్ అని వెతకండి. ‘చెకింగ్ ఫర్ జీలిబ్’ లైన్ కింద కంపైలర్‌ని పిలిచిన కమాండ్, దాని కింద ఎర్రర్, ఆ కింద ‘ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్’ అని ఆ నాలుగు లైన్ల కోడ్.

[జూమ్: ఎర్రర్ లైన్]

చూడండి. ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ ఎగ్జిట్’. జీలిబ్ ఊసే లేదు! టెస్ట్ రాసినాయన ఎగ్జిట్ ఫంక్షన్‌ని పిలిచాడు, దాన్ని కంపైలర్‌కి పరిచయం చేసే ఎస్‌టీడీలిబ్ హెడర్ పెట్టలేదు. ఇన్నేళ్లూ జీసీసీ కంపైలర్ దీనికి వార్నింగ్ ఇచ్చి వదిలేసింది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 నుంచి అది ఎర్రర్. డెబియన్ 13లో ఉన్నది అదే. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ వచ్చాడు, రిజిస్టర్‌లో సంతకం లేనిదే వదలట్లేదు. మన పిల్లాడు గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చి ‘ఉప్పు లేదంట’ అన్నాడు.

తమ్ముడిది ఒకరకంగా అదృష్టమే, కాన్ఫిగర్ ఆగిపోయింది. కొన్ని ప్రాజెక్టులు ఆగవు. నో రాగానే ఆ ఫీచర్ తీసేసి బిల్డ్ పూర్తి చేసేస్తాయి. నెల తర్వాత ‘కంప్రెషన్ పనిచేయట్లేదేంటి’ అని తల పట్టుకోవాలి. నా భయమంతా వాటితోనే.

[స్క్రీన్: టెర్మినల్]

ఇప్పటికిప్పుడు గండం గట్టెక్కాలంటే సీఫ్లాగ్స్‌లో, అంటే కంపైలర్‌కిచ్చే ఆప్షన్లలో, ఇలాంటి ఎర్రర్‌ని మళ్లీ వార్నింగ్‌గా మార్చే హైఫన్ ఎఫ్‌పర్మిసివ్ ఇచ్చి కాన్ఫిగర్ మళ్లీ నడపండి. అసలు మందు, టెస్ట్‌లో ఆ హెడర్ చేర్చి, కాన్ఫిగర్‌ని మళ్లీ తయారుచేసే ఆటోరీకాన్ఫ్ కొట్టడం. ఇంకోటి, సీఫ్లాగ్స్‌లో వార్నింగ్‌నీ ఎర్రర్‌గా లెక్కేసే డబ్ల్యూఎర్రర్ ముందే పెట్టి ఉంటే తీసేయండి. చిన్న వార్నింగ్ వచ్చినా టెస్ట్ ఫెయిలై అబద్ధం చెబుతుంది. కావాలంటే తర్వాత అసలు బిల్డ్ చేసే మేక్ దగ్గర ఇచ్చుకోండి.

కాన్ఫిగర్ బదులు సీమేక్ వాడేవాళ్లకు ఒక్క మాట. మొదటిసారి పట్టుకున్న కంపైలర్‌ని అది క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్‌ని మీరు మార్చినా పట్టించుకోదు. బిల్డ్ ఫోల్డర్ తీసేసి మొదట్నుంచి నడపండి.

[స్క్రీన్: ‘చెకింగ్ ఫర్ జీలిబ్... యెస్’. వెనకనుంచి తమ్ముడి గొంతు: “అన్నా, రెండు రోజులు పోయినయే దీనికి!”]