"సార్, ఇక్కడ ఫొటోలు తీయకూడదు"

ఈ మాట మీలో వినని వాళ్లుండరు. ఎవరు చెప్పారయ్యా అని గార్డుని అడిగితే "పైనుంచి ఆర్డర్" అంటాడు, ఆ పైన ఉన్నదెవరో అతనికీ తెలీదు పాపం.

ముందు చూసుకోవాల్సింది మనం ఎవరి జాగాలో నిలబడ్డామన్నది. మాల్ లోపలైతే అది ప్రైవేటు స్థలం, కెమెరా వద్దనే హక్కు వాళ్లకుంది, బయటికెళ్లమంటే వెళ్లాల్సిందే. అదే మాల్‌ని ఎదుటి ఫుట్‌పాత్ మీంచి తీస్తుంటే, గార్డు రోడ్డు దాటొచ్చి ఆపడానికి అతని దగ్గర ఏ చట్టమూ లేదు. బిల్డింగ్ డిజైన్‌కి కాపీరైట్ ఉంటుంది కదా అని కొందరు దబాయిస్తారు, కానీ 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, కట్టడాన్ని ఫొటో తీసినా ప్రచురించినా ఉల్లంఘన కాదని చెబుతోంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాలకీ అంతే, కాబట్టి ట్యాంక్‌బండ్ మీద నిశ్చింతగా తీసుకోండి.

అసలు గొడవంతా "డిలీట్ చెయ్" అన్న దగ్గర మొదలవుతుంది. సెక్యూరిటీ గార్డు యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పోలీసైపోడు. వస్తువును జప్తు చేసే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 106వ సెక్షన్ ఇచ్చింది పోలీసు అధికారికి, అదీ దొంగసొత్తనో, నేరంతో సంబంధముందనో అనుమానం వచ్చినప్పుడు. అందులో డిలీట్ చేయించడమన్న ఊసే లేదు.

చార్మినార్, గోల్కొండ లాంటి చోట్ల ఇంకా పాత భయాలున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ 2018లోనే అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్‌లో సమాధి ఉన్న గది తప్ప మిగతా రక్షిత కట్టడాల్లో ఫొటోలకు ఒప్పుకుంది. ట్రైపాడ్ పెడితే మాత్రం అనుమతి అడుగుతారు.

రక్షణ స్థావరాల జోలికి వెళ్లకండి, 1923 నాటి అధికార రహస్యాల చట్టం అక్కడ నిజంగానే కాటేస్తుంది. అలాగని ప్రతిదానికీ అది వర్తించదు, పోలీస్ స్టేషన్ ఆ చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2022లో చెప్పింది.

ఇక గార్డుతో మాట్లాడే తీరు. అతను కాంట్రాక్టు మీద రోజంతా ఎండలో నిలబడే మనిషి, మనల్ని ఆపకపోతే తిట్లు తినేది అతనే. "అన్నా, మీ సూపర్‌వైజర్‌ని పిలవండి, ఆయనతో మాట్లాడతా" అంటే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది. కెమెరా లాక్కోబోయినా, కదలనివ్వకుండా అడ్డం నిలబడినా, చెయ్యి చేసుకోకండి, 112కి ఫోన్ చేయండి.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నలు. డ్రోన్ సంగతి మాత్రం అడక్కండి, దానికి ఇంకో సాయంత్రం కావాలి.