ఖాళీ చోటూ రెండో చేయీ

సభకు నమస్కారం. చైనా కళలో ఒకే పనిలో ఇద్దరి చేతులు ఎలా కలుస్తాయన్నది ఈనాటి నా మాట.

బీజింగ్‌లోని మహా ప్రజా సభాభవనంలో సుమారు 9 మీటర్ల వెడల్పున్న ఒక ప్రకృతి చిత్రం ఉంది. 1959లో ఫు బావోషి, గ్వాన్ షాన్‌యుయే కలిసి వేసిన చిత్రమది. దాని మీది అక్షరాలు మావో చేతిరాతను పెద్దది చేసి ఎక్కించినవి. ఆ మాటలు కూడా ఆయన 1936లో మంచును వర్ణిస్తూ రాసిన పద్యంలోనివే. నాన్‌జింగ్‌లో స్థిరపడిన ఫు చెదిరినట్టు కనిపించే కుంచె విరుపులతో రాళ్లనూ నీటినీ పలికించేవాడు. గ్వాన్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌కు చెందిన, లింగ్నాన్ అనే చిత్రకళా శాఖ చిత్రకారుడు. ముందువైపు దేవదారు చెట్లూ, దూరాన మంచులో చైనా మహాకుడ్యమూ ప్రధానంగా గ్వాన్‌వి; జలపాతాలూ కొండల నడిమి భాగమూ ఫువి. ఎవరి కుంచె తీరును వారు వదులుకోకుండానే కొండగాలి ఒక్కటే అనిపించేలా వేయవలసి రావడం వారికెదురైన అసలు కష్టమని నా అభిప్రాయం. సూర్యబింబాన్ని పెద్దది చేయమని ప్రధాని చౌ ఎన్‌లై సూచించడంతో, పేరు రాయని మరో చేయి కూడా అందులో కలిసింది.

ఇంత పెద్ద బొమ్మ అరుదు గాని పద్ధతి పాతది. మిత్రులు కూడిన చోట ఒకరు రాయి వేస్తారు, ఇంకొకరు వెదురు, మరొకరు ప్లమ్ పూల కొమ్మ. చివరి మనిషి ఫలానావారు ఫలానాది వేశారని పక్కన రాసి ముద్ర వేస్తాడు. జంటకవుల పద్యంలో ఏ పాదం ఎవరిదని ఆరా తీయకపోవడం మన మర్యాద. అక్కడ మాత్రం ఏ గీత ఎవరిదో చెప్పడమే మర్యాద. చైనా చిత్రకారులు వాడే ష్వాన్ కాగితం సిరాను తాకగానే పీల్చుకుంటుంది, చెరపడానికి వీలుండదు. అందుకే రెండోవాడు కుంచె ముంచే ముందు మొదటివాడు వదిలిన ఖాళీని చాలాసేపు చూస్తాడు.

చిత్రాల మీద వేసే పేరు ముద్రల విషయంలో కథ కాస్త తిరగబడింది. లోహం, పచ్చరాయి, దంతం గట్టివి కాబట్టి పండితుడు అక్షరాలు రాసిస్తే పనివాడు చెక్కేవాడు. 16వ శతాబ్దంలో పండితుడు వెన్ పెంగ్ రాసిచ్చినవాటిని దంతం మీద పనివాడు లి వెన్‌ఫు అలాగే చెక్కేవాడు. మెత్తని చింగ్‌తియాన్ రాయి చేతికందాక వెన్ పెంగ్ ఉలి తానే పట్టుకున్నాడు, పనివాడి అవసరం తగ్గింది. నాకు ఇది కొంత నష్టంగానే తోస్తుంది. అయితే ఒంటరి పనిగా మారిన ఈ కళకు మళ్లీ గోష్ఠి దొరికింది: 1904లో హాంగ్‌ఝౌలో పశ్చిమ సరస్సు ఒడ్డున షీలింగ్ ముద్రా సంఘాన్ని నలుగురు మొదలుపెట్టారు, 1913లో చిత్రకారుడూ ముద్రాశిల్పీ అయిన వు చాంగ్‌షువో దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

రెండో చేయి అతిగా సాగితే ఏమవుతుందో చెప్పడానికి 18వ శతాబ్దంలో చైనాను ఏలిన చియాన్‌లాంగ్ చక్రవర్తి చాలు. 1350లో చిత్రకారుడు హ్వాంగ్ గాంగ్‌వాంగ్ పూర్తిచేసిన ఫుచున్ కొండల చుట్టచిత్రానికి ఒక నకలు 1745లో అంతఃపురానికి వచ్చింది. చక్రవర్తి దాన్నే అసలనుకుని, ఖాళీ చోటన్నది మిగలకుండా యాభైకి పైగా వ్యాఖ్యలు రాసుకుంటూ పోయాడు. మరుసటి ఏడు అసలుది వచ్చింది. చూసి, ఇది నకలని తేల్చి, దాని మీద తన చేత్తో ఏమీ రాయలేదు. 1650లో యజమాని చనిపోతూ నిప్పులో వేయించగా రెండు ముక్కలై బయటపడిన ఆ చిత్రం, ఈసారి చక్రవర్తి పొరపాటు వల్ల బతికిపోయింది. చిన్న ముక్క చైనాలోని జెజియాంగ్ మ్యూజియంలో ఉంది, పెద్దది తైవాన్‌లోని తైపేలో ఉంది. 2011లో తైపేలో రెండింటినీ పక్కపక్కన ఉంచారు. అది నకలేనని రాజాజ్ఞ మేరకు ఆస్థాన అధికారి లియాంగ్ షీజెంగ్ రాసిన తీర్పు ఆ పెద్ద ముక్క మీద ఇప్పటికీ చదువుకోవచ్చు.