టోపీలోని రాయి: జోసెఫ్ స్మిత్‌ను ఎవరు ఎలా చదివారు

[తెరపై: అరచేతిలో ఇమిడే ముదురు గోధుమరంగు రాయి. కోడిగుడ్డు ఆకారం, ఒంటినిండా చారలు. పక్కన పాత తోలు సంచి.]

నమస్కారం. తెరమీద కనిపిస్తున్న ఈ రాయి ఫొటోను 2015 ఆగస్టులో లోకానికి చూపించింది విమర్శకులు కాదు, దాన్ని తరతరాలుగా భద్రపరచుకుంటూ వచ్చిన మత సంఘమే. తెలుగులో ఆ సంఘం పెట్టుకున్న పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. లోకం నోట మాత్రం వారు మోర్మన్లు. వారి తొలి ప్రవక్త జోసెఫ్ స్మిత్ 1805లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, అప్పులతో ఊళ్ళు మారుతూ బతికిన ఒక రైతు కుటుంబంలో పుట్టారు. 1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైలులో ఒక మూక కాల్చి చంపే నాటికి ఆయన వయసు ముప్పై ఎనిమిదేళ్ళు. ఇదంతా మనకు సంబంధం లేని కథ అనిపించవచ్చు గాని, అనేక స్థానిక సంఘాలను కలిపి ‘స్టేక్’ అని వారు పిలుచుకునే పెద్ద విభాగం భారతదేశంలో మొదటిసారి ఏర్పడింది 2012లో, మన హైదరాబాదులోనే. వారి పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథం తెలుగులోనూ అచ్చయింది.

కథలోకి వెళ్ళే ముందు ఒక చిక్కు చెప్పుకోవాలి. స్మిత్ గురించి ఇంగ్లీషులో రాసేవారికి ఒకే సర్వనామంతో పని జరిగిపోతుంది. తెలుగులో ‘వాడు’ అన్నా, ‘అతడు’ అన్నా, ‘ఆయన’ అన్నా నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేసినట్టు అవుతుంది. నేను ‘ఆయన’ అనే అంటాను. చనిపోయిన మనిషికి ఇచ్చే మామూలు మర్యాదగా దాన్ని తీసుకోండి, అంతకు మించి ఏమీ లేదు.

[తెరపై: న్యూయార్క్ రాష్ట్రం పటం. పల్మైరా పట్టణం, దానికి దగ్గరలో ఒక గుట్ట.]

స్మిత్ చెప్పుకున్న కథ ఇది. పద్నాలుగేళ్ళ వయసులో, ఏ సంఘంలో చేరాలో తెలియక అడవిలో ప్రార్థిస్తూ ఉంటే దైవదర్శనం కలిగింది. 1823లో మొరోనై అనే దేవదూత కనిపించి, ఇంటికి దగ్గరలోని గుట్టలో బంగారు పలకల మీద చెక్కిన ఒక ప్రాచీన గ్రంథం ఉందని చెప్పాడు. 1827 సెప్టెంబరులో ఆ పలకలు చేతికి వచ్చాయి. వాటిని అనువదించి 1830 మార్చిలో మోర్మన్ గ్రంథం పేరుతో అయిదు వేల ప్రతులు అచ్చు వేయించారు. ఆ ఖర్చు కోసం మార్టిన్ హారిస్ అనే రైతు తన పొలం తాకట్టు పెట్టాడు. మరుసటి నెల ఆరో తేదీన సంఘం ఏర్పడింది.

పాత మతాల స్థాపకులకు లేని ఇబ్బంది ఒకటి స్మిత్‌కు ఉంది. ఆయన వార్తాపత్రికలు, కోర్టు కాగితాలు, ఉత్తరాలు ఉన్న కాలంలో బతికారు. అందువల్ల ఆయన ఏం చేశారన్న విషయంలో ఈనాడు భక్తులకూ విమర్శకులకూ మధ్య తగవు మనం అనుకునేంత పెద్దది కాదు. ఒకే కాగితాన్ని, ఒకే రాయిని, ఒకే సాక్షిని ముందు పెట్టుకుని ఇద్దరూ వేరువేరుగా చదువుతారు. అసలు తగవు అక్కడుంది. ముందుగా రాయి సంగతి చూద్దాం.

[తెరపై: 1820ల నాటి పల్లె చిత్రం. లాంతరు వెలుగులో గొయ్యి తవ్వుతున్న మనుషులు.]

ఈ రాయి 1822 ప్రాంతంలో ఒక పొరుగువారి బావి తవ్వుతుండగా దొరికిందని చెబుతారు. అటువంటి రాళ్ళలోకి చూసి పోయిన వస్తువులను, భూమిలోని నిధులను కనిపెట్టగలవారు ఉన్నారని ఆ ప్రాంతపు రైతులు నమ్మేవారు. యువకుడైన స్మిత్‌కు ఆ శక్తి ఉందన్న పేరు వచ్చింది. జోసయ్యా స్టోవెల్ అనే ఆసామి స్పెయిన్‌వారు పాతిపెట్టిన వెండి కోసం తవ్వించేందుకు ఆయనను కూలికి పెట్టుకున్నాడు. మన పల్లెల్లో అంజనం వేయించి దొంగసొమ్ము ఆచూకీ అడిగినవారిని, గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్ళలో రాత్రిపూట గునపాలు దించేవారిని ఎరిగిన మనకు ఈ వాతావరణం అర్థం చేసుకోవడం పెద్ద కష్టం కాదు.

1826లో ఈ పని మీదనే స్మిత్‌ను సౌత్ బెయిన్‌బ్రిడ్జ్‌లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. ఆ విచారణ జరగనే లేదని భక్తులు చాలాకాలం వాదించారు. 1971లో ఒక జైలు నేలమాళిగలోని పాత కాగితాల మధ్య ఆ మేజిస్ట్రేటు రుసుము బిల్లు బయటపడింది. ‘అద్దంలో చూసేవాడు (అంటే అటువంటి రాయిలోకి చూసి చెప్పేవాడు) జోసెఫ్ స్మిత్’ అని పేరు, ఎదురుగా 2 డాలర్ల 68 సెంట్లు. విచారణ జరిగిందా అన్న వాదం దానితో తీరింది. తీర్పు ఏమిటన్నది మాత్రం తీరలేదు. మిగిలిన కథనాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు.

విమర్శకులకు ఇంతకంటే ఏం కావాలి? నిధుల పేరుతో అమాయకులను నమ్మించినవాడే బంగారు పలకల పేరుతో మరికొందరిని నమ్మించాడు, అంతే కదా అంటారు. పైగా గ్రంథాన్ని అనువదించిన తీరు కూడా ఇదే. రాయిని టోపీలో వేసి, వెలుతురు చొరకుండా ముఖాన్ని టోపీలో దూర్చి, కనిపించిన మాటలను స్మిత్ పైకి చెబుతుంటే ఎదురుగా కూర్చున్నవారు రాసుకున్నారు. సంఘం అచ్చు వేసిన బొమ్మల్లో మాత్రం చాలాకాలం పాటు స్మిత్ బల్లమీద పలకలు పరచుకుని, పండితుడిలా వేలితో గీతలు తడుముతూ కనిపించేవారు. నా ఉద్దేశంలో ఆ సంఘానికి రాయి కంటే ఆ బొమ్మలే ఎక్కువ నష్టం చేశాయి. చిన్నప్పటినుంచి ఆ బొమ్మలు చూస్తూ పెరిగినవారికి ఇంటర్నెట్‌లో టోపీ సంగతి తెలిసినప్పుడు, రాయి ఉందని కాక, తమకు చెప్పలేదని కోపం వచ్చింది.

భక్తుల్లోని చరిత్రకారుల వాదం మరో రకంగా ఉంటుంది. సంఘ సభ్యుడే అయిన రిచర్డ్ బుష్‌మన్ వంటివారు నిధుల వేటను దాచిపెట్టవలసిన మచ్చగా చూడరు. ఒక పల్లెటూరి యువకుడు దైవం మాట వినడానికి తనను తాను సిద్ధం చేసుకున్న తొలి బడిగా చూస్తారు. బైబిలులోనూ దీర్ఘదర్శులు ఉన్నారు, యాజకుడి వక్షఃపతకంలో దైవచిత్తం తెలుసుకునేందుకు వాడే ఊరీము తుమ్మీము ఉన్నాయి. పాలస్తీనాలో పవిత్రమైనది న్యూయార్క్‌లో మూఢనమ్మకం ఎలా అవుతుందని వారి ప్రశ్న. తేలికగా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదది. అయితే స్టోవెల్‌కు వెండి దొరకలేదన్న మాట కూడా కొట్టిపారేయదగినది కాదు.

ఈ రెండు వర్గాల నడుమ మూడో దారి ఒకటుంది. స్మిత్ నిజంగానే దేవుణ్ణి నమ్మాడు, జనాన్ని దేవుడి దగ్గరకు చేర్చేందుకు కొంత కల్పించడం తప్పు కాదనుకున్నాడు అని చెప్పే చరిత్రకారులున్నారు. ఫాన్ బ్రోడీ మోర్మన్ల ఇంట్లోనే పుట్టిన రచయిత్రి. ఆమె చిత్రించిన స్మిత్ సరదాగా మొదలైన కల్పనను చివరకు తానే నమ్మే స్థితికి చేరిన ప్రతిభాశాలి. 1945లో ఆమె రాసిన జీవితచరిత్ర వెలువడింది, 1946లో సంఘం ఆమెను వెలివేసింది.

[తెరపై: నావూ పట్టణంలో నది ఒడ్డు ఇల్లు. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ.]

ఇప్పుడు సాక్షి దగ్గరకు వద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఎమ్మా సాక్ష్యం. ఆమె స్మిత్ భార్య, పలకల అనువాదం మొదట్లో ఆయన చెబుతుంటే రాసుకున్నవారిలో ఒకరు. 1879 ఫిబ్రవరిలో, చనిపోవడానికి రెండు నెలల ముందు, ఆమె పెద్ద కొడుకు మూడో జోసెఫ్ స్మిత్ ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకున్నాడు.

టోపీలో ముఖం పెట్టుకుని గంటల తరబడి చెప్పేవారని, చూసి చదవడానికి దగ్గర ఏ రాతప్రతీ పుస్తకమూ లేవని ఆమె అన్నారు. భోజనానికి లేచి వెళ్ళి వచ్చినా, ఎక్కడ ఆపామో చూపించమని గాని చదవమని గాని అడగకుండా అక్కడినుంచే అందుకునేవారట. ఆ రోజుల్లో ఒక ఉత్తరం కూడా కుదురుగా చెప్పి రాయించలేని మనిషి తన భర్త అని ఆమే అన్నారు. పలకలు ఒక నారబట్టలో చుట్టి బల్లమీద ఉండేవి. ఇల్లు సర్దుకునేటప్పుడు వాటిని పక్కకు జరిపేవారు. బట్ట మీదుగా అంచులను తడిమితే, పుస్తకం పుటల అంచును బొటనవేలితో జారవిడిచినప్పటిలా కదిలి లోహం చప్పుడు చేసేవని చెప్పారు. బట్ట విప్పి మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

అదే సంభాషణలో కొడుకు మరో ప్రశ్న అడిగాడు: నాన్నకు వేరే భార్యలు ఉన్నారా? లేరని, తాను తప్ప మరో భార్య ఆయనకు లేదని ఆమె జవాబిచ్చారు.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. స్మిత్ మరణం తరువాత ఆయన అనుచరులు చీలిపోయారు. మొదట మనం చెప్పుకున్న, యూటా రాష్ట్రంలోని ప్రధాన సంఘం ఎమ్మా మాటల్లో అనువాదం గురించిన భాగాన్ని అమూల్యమైన సాక్ష్యంగా ఎత్తి చూపుతుంది, భార్యల గురించిన భాగాన్ని ఒప్పుకోదు. 2014లో తన వెబ్‌సైటులో పెట్టిన వ్యాసంలో స్మిత్ భార్యల సంఖ్యను 30 నుంచి 40 వరకు లెక్కవేసే అంచనాలను అదే ఉటంకించింది, వారిలో పదిహేనేళ్ళు నిండని అమ్మాయీ, అప్పటికే వేరొకరి భార్యలైన స్త్రీలూ ఉన్నారని రాసింది. కొడుకు నాయకత్వం వహించిన మరో చీలిక, పునర్వ్యవస్థీకృత సంఘం, తల్లి చెప్పినదంతా నిజమని చాలాకాలం పట్టుబట్టింది. సంశయవాదులేమో భార్యల విషయంలో అబద్ధం చెప్పిన మనిషి టోపీ విషయంలో నిజమే చెప్పిందని ఎలా నమ్మాలని అడుగుతూనే, రాయి, టోపీ అన్న మాటలను మాత్రం ఆమె దగ్గరినుంచే తీసుకుంటారు. ఆ ముసలితల్లి చెప్పినదాన్ని మొత్తంగా తీసుకున్నవారు తక్కువ. తనకు తెలియకుండానో, తెలిసి గుండె పగిలేలానో ఆ పెళ్ళిళ్ళు జరిగిన ఊళ్ళో, కొడుకు ఎదుట కూర్చుని, ఆమె ఇంకేం చెప్పగలదని ఆలోచించినవారు మరీ తక్కువ.

[తెరపై: చిరిగిన పపైరస్ ముక్కలు, ఒక్కొక్కటిగా.]

రాయికి, ఎమ్మాకు రెండు వైపులా వాదం ఉంది. ఈ ముక్కల దగ్గర మాత్రం త్రాసు ఒక వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం. 1835లో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌కు నాలుగు ఈజిప్టు మమ్మీలను, కొన్ని పపైరస్ చుట్టలను ఒక వ్యాపారి తీసుకువచ్చాడు. 2,400 డాలర్లకు బేరం కుదిరింది. ఆ చుట్టల్లో అబ్రాహాము రాతలున్నాయని స్మిత్ ప్రకటించి, 1842లో అనువాదం అచ్చు వేశారు. ఈజిప్టు లిపిని ఫ్రాన్స్‌లో అప్పటికే ఛేదించినా, ఆ విద్య తెలిసి అమెరికాలో ఆయనను సరిచూడగలవారు లేరు. తరువాత ఆ చుట్టలు 1871 నాటి షికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అందరూ అనుకున్నారు.

కాని 1967లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 11 ముక్కలను సంఘానికి అప్పగించింది. నిపుణులు చదివితే, అవి హోర్ అనే పూజారి వంటివారి శవాలతో పాటు ఉంచిన అంత్యక్రియల రాతలని, అబ్రాహాము కంటే ఎన్నో శతాబ్దాల తరువాతివని తేలింది. ఆ ముక్కల్లో అబ్రాహాము ఊసు లేదని 2014లో సంఘమే ఒప్పుకుంది. అసలు చుట్ట కాలిపోయి ఉండవచ్చని కొందరు భక్తులు, పపైరస్ ఒక సాకు మాత్రమే, వెల్లడింపు దేవుడి దగ్గరినుంచి నేరుగా వచ్చిందని మరికొందరు సమాధానం చెబుతారు. రెండో సమాధానం నమ్మినవారికి సరిపోతుంది. అయితే ‘అనువాదం’ అన్న మాటకు స్మిత్ తన పాఠకులకు చెప్పిన అర్థం అది కాదు.

[తెరపై: ఒక పత్రిక మొదటి పుట. తేదీ 1844 జూన్ 7.]

చావు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఎక్కువమందికి తెలిసినదే. మోర్మన్లను తుడిచిపెట్టాలి లేదా రాష్ట్రం నుంచి తరిమివేయాలని 1838లో మిస్సోరి గవర్నరు లిఖితపూర్వకంగా ఆదేశించాడు. మూడు రోజుల తరువాత హాన్స్ మిల్ అనే చోట 17 మందిని చంపారు. ఆ ఆదేశాన్ని రద్దు చేయడానికి 1976 దాకా పట్టింది. అక్కడినుంచి పారిపోయి కట్టుకున్న నావూలో స్మిత్ మేయరు, సొంత సైన్యానికి అధిపతి, 1844లో అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థి. ఆయన రహస్య వివాహాలను బయటపెడుతూ పాత అనుచరులు ఒక పత్రిక పెట్టారు. అది ఒక్క సంచికే వచ్చింది. మూడు రోజులకు, స్మిత్ అధ్యక్షతలోని నగర మండలి ఆదేశం మీద, ఆ ముద్రణ యంత్రాన్ని వీధిలో ధ్వంసం చేశారు. ఆ కేసులో లొంగిపోయి, ఇల్లినాయ్ గవర్నరు భద్రతకు మాట ఇచ్చిన జైలులో ఉండగా, జూన్ 27న మూక చొరబడింది. అన్న హైరం ముందు కూలిపోయాడు. లోపలికి చేరిన చిన్న పిస్తోలును స్మిత్ గుమ్మం వైపు కాల్చారు, ఆ తరువాత కిటికీలోంచి పడిపోయారు. అభియోగం మోపిన అయిదుగురినీ మరుసటి ఏడాది కోర్టు విడిచిపెట్టింది. భక్తులు అమరుడంటారు, ప్రత్యర్థులు పత్రికను చంపిన నియంత అంటారు. ఇందులో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం నాకు కనిపించదు. యంత్రాన్ని పగలగొట్టించడమూ నిజమే, ఖైదులో ఉన్న మనిషిని చంపడమూ నిజమే.

[తెరపై: కర్ట్‌లాండ్‌లోని తెల్లని ఆలయం.]

ఎమ్మా యూటాకు వెళ్ళలేదు, నావూలోనే ఉండిపోయారు. ఆమె కొడుకు సంఘం పేరు ఇప్పుడు ‘కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్’. స్మిత్ 1836లో ప్రతిష్ఠించిన ఈ కర్ట్‌లాండ్ ఆలయం ఒక శతాబ్దానికి పైగా వారి చేతిలోనే ఉండేది. 2024 మార్చిలో వారు దీన్ని, నావూలో ఎమ్మా బతికిన ఇళ్ళను, కొన్ని రాతప్రతులను కలిపి 19 కోట్ల 25 లక్షల డాలర్లకు యూటా సంఘానికి అమ్మారు. మూడు వారాలు మూసి ఉంచి మళ్ళీ తలుపులు తెరిచారు. ఎమ్మా చివరి మాటలు చెప్పిన ఊరిలో సందర్శకులకు ఆమె ఇల్లు చూపించి కథ చెప్పేది ఇప్పుడు, ఆమె జవాబుల్లో సగాన్ని ఒప్పుకోని సంఘం.