తాళ్లు పట్టేది వీధివాళ్లే: జపాన్ బొమ్మల రథాలు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

జపాన్ ఉత్సవాల గురించి మాట్లాడేవాళ్లు మామూలుగా గుడితో మొదలుపెడతారు. నేను బొమ్మతో మొదలుపెడతాను. గిఫు ప్రాంతపు కొండల్లో తకయామా అనే ఊరుంది. అక్కడ అక్టోబరు 9, 10 తేదీల్లో జరిగే హచిమాన్ ఉత్సవంలో 11 రథాలు బయటికి వస్తాయి. జనం ఎక్కువగా మూగేది హోతెయ్ తాయ్ అనే రథం దగ్గర. పైన బానపొట్టతో, నవ్వు ముఖంతో హోతెయ్ అనే అదృష్ట దేవుడు ఉంటాడు. ఆయన ముందు గాల్లో ఊయల కర్రలు వరసగా వేలాడుతుంటాయి. ఇద్దరు పిల్లల బొమ్మలు ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు దూకుతూ వచ్చి ఆయన భుజాలెక్కుతాయి. ఇంతా చేస్తే వాటి ఒంటికి ఒక్క తాడూ కనబడదు.

తాళ్లు లేక కాదు, 36 ఉన్నాయి. రథం లోపల ఇరుకులో కూర్చుని ఎనిమిది తొమ్మిది మంది వాటిని లాగుతుంటారు. ఒకరు క్షణం ఆలస్యం చేసినా పిల్లవాడి చెయ్యి తర్వాతి కర్రకు అందదు. బయట చప్పట్లు, లోపల టెన్షన్. ఈ మనుషులు వృత్తి కళాకారులు కారు, ఆ రథం ఏ వీధిదో ఆ వీధివాళ్లు. నాకు ఈ ఉత్సవంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన సంగతి ఇదే. రథం రాజుది కాదు, వీధిది. కట్టించిందీ, బాగుచేయించేదీ, తాడు పట్టేదీ ఆ వీధే.

ఈ పద్ధతికి వెనక డబ్బు కథ ఉంది. 1692లో తకయామా నేరుగా తోకుగావా ప్రభుత్వం, అంటే దేశాన్నేలిన షోగున్ అనే సేనాధిపతుల ప్రభుత్వం, చేతికి వెళ్లింది. రథాల ప్రస్తావన 1718 నాటికే రికార్డుల్లో కనిపిస్తుంది. ఆ కాలంలో వ్యాపారి ఎంత సంపాదించినా యోధ వర్గమైన సమురాయ్ కంటే కిందివాడే. ఇల్లు మరీ ఆడంబరంగా కడితే పైవాళ్ల కళ్లల్లో పడతాడు. రథానికి మాత్రం ఎంత బంగారు పూత వేయించినా అది దేవుడి పేరు మీద చెల్లిపోతుంది. పక్క వీధి రథం కన్నా మనది బాగుండాలనే పంతం ఎలాగూ ఉంటుంది! పనివాళ్లకూ కొదవ లేదు. 8వ శతాబ్దం నుంచే తకయామా ఉన్న హిదా ప్రాంతం పన్నుకు బదులు ఒక్కో ఊరి నుంచి పదిమంది వడ్రంగులను రాజధానికి పంపేది.

వీధి పంతాల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. క్యోటోలోని గియోన్ ఉత్సవంలో వీధుల వ్యాపారులు తమ రథాలను విదేశీ తివాచీలతో అలంకరించారు. వాటిలో కొన్ని మన దక్కన్‌లో నేసినవని నిపుణులు గుర్తించారు. ఇక్కడి మగ్గం మీది తివాచీ సముద్రాలు దాటి ఒక జపాన్ వీధి గొప్పను చాటిందన్నమాట.

బొమ్మల విషయంలో మాత్రం అసలు కేంద్రం నగోయా పరిసరాలు. 1730లో నగోయా ఉన్న ఓవారి సంస్థానానికి ప్రభువైన తోకుగావా మునెహరు సరదా మనిషి. ఇప్పటి టోక్యో అయిన ఎదోలో షోగున్ యొషిమునె పొదుపు పొదుపు అంటుంటే, ఈయన పండగలు ఘనంగా చేసుకోండి, నాటకాలు ఆడుకోండి అన్నాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే క్యోటో నుంచి బొమ్మల పనివాడు తమాయా షోబెయ్ నగోయాకు వచ్చి స్థిరపడ్డాడు. ఆ పేరును వంశపారంపర్యంగా తొమ్మిదో తరం ఇప్పుడు మోస్తోంది. 1739లో షోగున్ మునెహరును పదవి నుంచి దించి గృహనిర్బంధంలో పెట్టాడు. ప్రభువు పోయాడు, బొమ్మలు పోలేదు.

దగ్గర్లోని ఇనుయామాలో 1635 నుంచి ఉత్సవం జరుగుతోంది. అక్కడి 13 రథాలకూ మూడేసి అంతస్తులు, అన్నింటి మీదా బొమ్మలు. మలుపు వస్తే మగవాళ్లు రథాన్ని ఒక పక్క భుజాలతో ఎత్తి గిర్రున తిప్పేస్తారు. తకయామావాళ్లది వేరే ఉపాయం. మలుపులో అడుగు నుంచి ఇంకో చక్రాన్ని దించి దాని మీద తిప్పుతారు. నగోయా తోషోగు గుడి రథాలకు అంత అదృష్టం లేకపోయింది. 1945 బాంబుదాడిలో కాలిపోయాయి.

నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్పాలి. తకయామా వసంత ఉత్సవంలో షక్క్యో తాయ్ అనే రథం ఉంది. దాని మీద ఒక అందగత్తె నాట్యం చేస్తూ చేస్తూ సింహమైపోతుంది, మళ్లీ మనిషై చేతుల్లో పియోనీ పూలతో ఆడుతుంది. ఆ నాట్యం మరీ శృంగారంగా ఉందని 1892లో ఆపించారు. బొమ్మ నాట్యానికి అభ్యంతరం! తొంభై ఏళ్లు దాటాక 1984లో ఆ వీధివాళ్లు దాన్ని మళ్లీ ఆడించారు. ఒకప్పుడు ఇంకా కొన్ని రథాల మీదా బొమ్మలాట ఉండేది. ఇప్పుడు తకయామా మొత్తం మీద నాలుగింటికే మిగిలింది, వసంతంలో మూడు, శరత్తులో ఒకటి.

2016లో యునెస్కో జపాన్‌లోని ఇలాంటి 33 రథోత్సవాలను కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. వెళ్లాలనుకునేవాళ్లకు తకయామా వసంత ఉత్సవం ఏప్రిల్ 14, 15 తేదీల్లో. వాన పడితే మాత్రం రథాలు గిడ్డంగి దాటి రావు, లక్క పూత పాడవుతుందని. అలాంటి రోజు హచిమాన్ గుడి పక్కనున్న ప్రదర్శనశాలకు వెళ్లండి, శరదుత్సవపు రథాల్లో కొన్నింటిని అక్కడ ఉంచుతారు. ఇక మీ ప్రశ్నలు అడగండి.