కొత్త ఇంపెల్లర్ వేసినా మోటారు నీళ్లు చిమ్మలేదు, ఎందుకు?

నమస్తే అండీ. స్టాండుకు బిగించిన ఈ పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక బిగించేది, 8 హార్స్ పవర్. తిరుపతిలో బోటు మోటారేంటని నవ్వకండి. తడ, సూళ్లూరుపేట 2022లో మన జిల్లాలోకి వచ్చాయి కదా, వాటితోపాటు పులికాట్ సరస్సులో మన ఆంధ్ర వైపు భాగం కూడా. భీములవారిపాళెం నుంచి ఒకన్న దీన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. "నీళ్లు చిమ్మడం లేదు సామీ, ఇంపెల్లర్ పోయింది, కొత్తది వేసెయ్" అన్నాడు. పోయిన మాట నిజమే. కానీ కొత్తది వేశాక కూడా చుక్క రాలేదు. ఆ తప్పు నాది. ఎక్కడ చేశానో చూపిస్తాను.

ముందు నీళ్ల దారి చూడండి. ప్రొపెల్లర్‌కు కాస్త పైన, ఈ సన్నటి చీలికల్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. వాటి పైనే పంపు. అందులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, అదే ఇంపెల్లర్. అది నీళ్లను ఈ నిలువు గొట్టంలోంచి ఇంజన్ తలకాయ దాకా తోస్తుంది. వేడిని లాక్కున్న నీళ్లలో ఎక్కువ భాగం పొగతో కలిసి కిందికే పోతాయి. కొంచెం మాత్రం వెనకున్న ఈ చిన్న రంధ్రంలోంచి ధారగా చిమ్ముతుంది. ధార ఆగిందంటే ఈ దారిలో ఎక్కడో అడ్డం పడింది. మిద్దె మీద ట్యాంకు నిండకపోతే వెంటనే మోటారు మార్చేస్తామా? నీళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో చూస్తాం. ఇక్కడా అంతే.

అన్నిటికంటే తేలిక పని చిమ్మే రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడటం. వాడకుండా పెట్టిన మోటార్లలో కందిరీగ మట్టి గూడు కట్టేసి ఉంటుంది. తర్వాత లోపలివైపు ఆ రంధ్రానికి వచ్చే సన్న పైపు ఊడదీసి స్టార్ట్ చేయండి. అక్కడ నీళ్లు దూకితే పంపు బాగున్నట్టే, మీకు డబ్బులు మిగిలినట్టే. కానీ మోటారును పొడిగా మాత్రం తిప్పొద్దు. నీళ్లే ఆ రబ్బరుకు నూనె. అవి లేకపోతే కొన్ని సెకన్లలోనే రెక్కలు కాలిపోవడం మొదలవుతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి, ప్రొపెల్లర్ మీదున్న ఈ పలక, దాని పైనున్న పంపు రెండూ మునిగేలా పెట్టండి.

పైపు దగ్గరా రాలేదంటే కింద చీలికలు చూడాలి. పులికాట్ లోతు తక్కువ. ప్రొపెల్లర్ బురద లేపుతుంది, ఇసుక, నాచు అన్నీ లోపలికి పోతాయి. దీంట్లో చెంచాడు బురద వచ్చింది.

ఇక పంపు. ఉప్పునీళ్లలో తిరిగిన మోటారు బోల్టులు అల్యూమినియానికి పట్టేస్తాయి. తిరగలేదని కోపంతో లాగితే తల విరిగి చేతికొస్తుంది. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారి విప్పితే, ఇదిగో పాత ఇంపెల్లర్. ఆరు రెక్కల్లో రెండు లేవు. మిగతావి ఎండిన వంకాయ తొడిమల్లా ఒక పక్కకు వంగి గట్టిపడిపోయాయి. కొత్తది వేసి, బిగించి, స్టార్ట్ చేశాను. ధార లేదు. టెన్షన్ మొదలైంది.

లేని ఆ రెండు రెక్కలు ఎక్కడికి పోయాయని నేను అడగలేదు చూడండి, అదీ తప్పు. మళ్లీ విప్పి, నిలువు గొట్టంలోకి పైనుంచి కంప్రెసర్ గాలి కొట్టాను. ఉప్పు పెళ్లలతోపాటు ఈ రెండు నల్ల ముక్కలు కింద పడ్డాయి. చిటికెన వేలి గోరంత కూడా లేవు. పాతదాన్ని తీసినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. తక్కువైతే ముక్కలన్నీ దొరికేదాకా బిగించొద్దు.

బిగించేటప్పుడు ఇంపెల్లర్‌ను తిప్పే కడ్డీని, అంటే షాఫ్ట్‌ను, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ పంపు కప్పు దించాలి. రెక్కలు సరైన వైపుకు వంగుతాయి. షాఫ్ట్ పక్కనున్న చిన్న కీ జారిపోతే చక్రం తిరగదు. గొట్టం అంచు రబ్బరు వాషర్‌లో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

"థర్మోస్టాట్ పీకేస్తే పోలా?" అనడిగాడు అన్న. ఇంజన్ వేడెక్కాకే నీళ్లను వదిలే చిన్న వాల్వు అది. నేను ఒప్పుకోలేదు. అది లేకపోతే ఇంజన్ చల్లగా నడిచి ప్లగ్గులకు మసి పడుతుంది. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేశాను, వేడెక్కేకొద్దీ తెరుచుకుంది. అదే తిరిగి పెట్టేశాను.

ఇప్పుడు స్టార్ట్ చేస్తున్నా. ఒకటి, రెండు... అదిగో ధార! చెయ్యి పెట్టి చూస్తున్నా, గోరువెచ్చగా ఉంది. అన్నకు ఫోన్ చేసి చెప్పాలి, సరస్సు నుంచి వచ్చాక రోజూ పది నిమిషాలు మంచినీళ్ల డ్రమ్ములో తిప్పమని.