ఎపిసోడ్ 38: ఆరు తలుపులు, ఒక పుత్తూరు కట్టు

వనజ: ...ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపు బాలా, చాలు. ఆటో హారన్లకు వినేవాళ్ళు ఎప్పుడో అలవాటు పడిపోయినారు. అందరికీ నమస్కారం.

శేఖర్: నమస్కారం. మొదలుపెడదామా అక్కా?

వనజ: సరే, ఈరోజు సంగతి. ఇంట్లో దెబ్బలు తింటా ఉండే ఆడమనిషి తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ తలుపు కొట్టాల, కొట్టినాక లోపల ఏం చేస్తారు. శేఖర్ ఆరు తలుపులని రాసుకొచ్చినాడు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలంట.

శేఖర్: ఈసారి దాటేదే లేదు. ఒకటో తలుపు ఫోను. ప్రాణం మీదికి వచ్చిందంటే 112. ఇప్పటికిప్పుడు కొట్టడం లేదు గానీ ఇంట్లో ఉండేదానికి భయం, యాడికి పోవాలో తెలీదు అంటే 181. మహిళల హెల్ప్‌లైను, రాత్రీ పగలూ ఉంటాది. పిల్లోళ్ళ సంగతి కూడా ఉంటే 1098.

వనజ: సొంత ఫోన్నుంచి చెయ్యాలని లేదు. ఆయన రోజూ ఫోను తీసి చూసే ఇల్లయితే అంగన్‌వాడీ టీచరు ఫోనో, పక్కింటామె ఫోనో. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటాది, అది తెరిచి చూడండి. ఈమె మెసేజులు ఆయన ల్యాప్‌టాప్‌లో వస్తా ఉంటాయి, ఈమెకు తెలీదు.

శేఖర్: రెండు, వన్ స్టాప్ సెంటర్. సఖి అంటారు. 2015లో కేంద్రం తెచ్చిన పథకం. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగు, లాయరు సలహా, అన్నీ ఒక్కచోటే. రాత్రి ఉండేదానికి 5 రోజుల దాకా చోటిస్తారు. 2022 ఏప్రిల్లో జిల్లా విడిపోయినాక చానామందికి ఇంకా తికమకే, మాది చిత్తూరా తిరుపతా అని. దాని గురించి ఆగొద్దండి. 181కి చేసి ఉండే ఊరు చెప్తే దగ్గర ఏది ఉంటే దానికి కలుపుతారు.

వనజ: పిల్లోళ్ళతో పోయేటట్టుంటే ఆ ఫోన్లోనే అడగాల. ఆడపిల్లలకు ఇబ్బంది లేదు, మగపిల్లోడికి వయసు హద్దు ఉండాది. గేటు కాడికి పోయినాక తెలిస్తే పిల్లోణ్ణి యాడ పెడతాది? 5 రోజులు చాలకపోతే శక్తి సదన్. అది ఎక్కువ రోజులు ఉండేదానికి, పాత స్వాధార్ గృహాలే. మూడో రోజే అడగాల, ఐదో రోజు సాయంత్రం కాదు. పోయేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పెళ్ళి ఫోటో, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లోళ్ళ పుట్టిన సర్టిఫికెట్లు, అన్నీ రెండేసి జెరాక్సులు.

శేఖర్: వచ్చేసింది. ఏడో నిమిషానికే జెరాక్సు.

వనజ: నవ్వు. ఒరిజినల్ ఆయన చించినాక నాకు ఫోన్ చేస్తావు.

శేఖర్: మూడో తలుపు ఆస్పత్రి. తిరుపతిలో అంటే రుయా. పోయి ఎంఎల్‌సీ రాయించుకోవాల, అంటే దెబ్బల గురించి పోలీసు కేసుకు పనికొచ్చేటట్టు డాక్టరు రాసే కాయితం. అది లేకుంటే...

వనజ: లేకుంటే?

శేఖర్: లేకుంటే కష్టం అంటా ఉండాను.

వనజ: ఈ మాట దగ్గరే నీకూ నాకూ పడేది. మన పక్క చెయ్యి ఇరిగితే జనం యాడికి పోతారు? పుత్తూరుకు, నాటు కట్టు కట్టించుకునేదానికి. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. తమిళనాడు నుంచి కూడా వస్తారు. మొగుడు కొడితే చెయ్యి ఇరిగినామె కూడా ఆ బస్సే ఎక్కతాది. ఆమెకు ఇంక కేసు లేదా?

శేఖర్: కట్టును నేనేం అనలేదక్కా. కట్టు ఎముకకు. కోర్టుకు కాయితం కావాల. ఎంఎల్‌సీ రిజిస్టర్లో ఏం రాస్తారో చూడు. పేరు, వయసు, రెండు పుట్టుమచ్చలు, ఎవరు తోడొచ్చినారు, ఎన్ని గంటలకు వచ్చింది, ఎట్ల తగిలిందని చెప్పింది. దెబ్బ ఏ చోట, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు. రంగును బట్టి దెబ్బ ఎప్పటిదో సుమారుగా తెలుస్తాది. కొత్తగా కమిలిన చోటు ఎర్రగా ఉంటాది, మొదటి మూడు రోజుల్లో నీలం, ఐదారు రోజులకు ఆకుపచ్చ, ఏడు దాటితే పసుపు, రెండు వారాలకు చర్మం మామూలు రంగు. ఈ వివరమంతా పుత్తూరులో ఎవరు రాస్తారు?

వనజ: ఎవరూ రాయరు. రాయాల్సిన పని కూడా వాళ్ళది కాదు. నేనడిగేది వేరే. గృహహింస చట్టంలో ఫారం-1 ఉండాది, సంఘటన నివేదిక. దానికి జత చేసే కాయితాల పట్టీ చదివినావా? ఎంఎల్‌సీ ఒక వరస. దాని కిందే డాక్టరు సర్టిఫికెట్ గానీ ఏదైనా మందుల చీటీ గానీ అని ఇంకో వరస. ఆ కింద స్త్రీధనం పట్టీ. చట్టం రాసినోళ్ళకే తెలుసు, అందరి దగ్గరా ఎంఎల్‌సీ ఉండదని.

శేఖర్: చీటీలో ఏముంటాది? నొప్పి మాత్ర పేరు.

వనజ: తేదీ ఉంటాది! మాట మార్చొద్దు. ఇది మెజిస్ట్రేట్ కోర్టులోనే నడిచినా ఆమె అడిగేది రక్షణ, ఇల్లు, ఖర్చులు. ఉరిశిక్ష కాదు కదా. ఆమె అఫిడవిట్, పక్కింటామె మాట, ఆ తేదీల చీటీలు, అన్నీ కలిపి చూస్తారు. "ఎంఎల్‌సీ లేదు గాబట్టి కేసు లేదు" అని ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర అంటారు, ఆమె ఇంటికి పోతాది. ఎన్నో కేసులు ఈ ఒక్క మాటకే ఆగిపోయేది.

శేఖర్: సరే, కౌంటర్ మాట తప్పే. కానీ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 కింద పెట్టేటట్టుంటే? పాత 498ఏ, మొగుడూ అత్తింటోళ్ళూ పెట్టే హింస మీద కేసు. అది క్రిమినలే కదా. ఎముక ఇరిగినా పన్ను ఊడినా చట్టం దృష్టిలో తీవ్ర గాయం. దాన్ని నిరూపించేదానికి డాక్టరు కావాలా వద్దా?

వనజ: కావాల. కావాలనే చెప్తా ఉండా. ఎక్స్‌రే తీయించుకొని పో. చానామంది ఫిల్మ్ చేతబట్టుకొనే పుత్తూరు పోతారు, కట్టినాక అదే ఫిల్మ్‌ను పరుపు కింద పడేస్తారు. దాని మీద పేరు, తేదీ అచ్చయ్యుంటాది. ఇంకో సంగతి నువ్వే చెప్పు, ఎముక ఎక్కడ ఇరిగింది అనేది.

శేఖర్: ఆ, అది బాగుంటాది. బాత్రూంలో జారి అరచెయ్యి ఆనించి పడితే మణికట్టు దగ్గర ఇరుగుతాది, బొటనవేలి వైపు ఎముక. కట్టె తల మీదికి వస్తా ఉంటే మనం ఏం చేస్తాం? చెయ్యి అడ్డం పెడతాం. అప్పుడు దెబ్బ ముంజేతికి చిటికెనవేలి వైపు ఎముక మీద, నడిమధ్యలో పడతాది. రెండు ఫిల్ములూ పక్కన పెడితే డాక్టరుకే కాదు, నీకూ నాకూ తెలుస్తాది. "జారి పడింది" అని చీటీలో ఉండి, ఫిల్మ్‌లో నడిమధ్య ఇరిగుంటే లాయరు అడగాల్సిన ప్రశ్న అదే.

వనజ: మరి పుత్తూరు కట్టు మూడు వారాలు ఉన్నాక?

శేఖర్: ...అప్పుడు తీసినా కనపడతాది. ఇరిగిన చోట కొత్త ఎముక గడ్డకట్టినట్టు మబ్బుగా కనిపిస్తాది. పాతదా కొత్తదా సుమారుగా చెప్పొచ్చు.

వనజ: అంటే కేసు పోలేదు.

శేఖర్: పోలేదు. కష్టం అన్నా గానీ పోతాది అనలేదు.

వనజ: రికార్డయింది, బాలా విన్నావా? పుత్తూరు బస్సు టికెట్ కూడా దాచండి. మిషన్ టికెట్ అక్షరాలు కొన్నాళ్ళకే మాసిపోతాయి, కాబట్టి ఆ రోజే...

శేఖర్: జెరాక్సు. [నవ్వులు] ఫైల్లో పెట్టాల.

వనజ: అవును, పెట్టాల. నువ్వు ఆస్పత్రి గురించి అసలు మాట చెప్పలేదు. పక్కన అత్త నిలబడుకొని ఉంటాది. డాక్టరు ఎట్ల తగిలిందమ్మా అంటే అత్తే చెప్తాది, జారిపడిందని. చీటీలో అదే ఎక్కుతాది.

శేఖర్: నర్సమ్మను మెల్లగా అడగాల, నన్నొక్కదాన్నే తెర వెనక చూడండి అని. ఇంజెక్షన్ గదిలోకి తోడొచ్చినోళ్ళు రారు, అక్కడ చెప్పొచ్చు. చెప్పేటప్పుడు నాలుగు ముక్కలు: ఎవరు, దేంతో, యాడ, ఎప్పుడు. "నా భర్త నిన్న రాత్రి 9 గంటలప్పుడు చపాతీ కర్రతో కుడి ముంజేతి మీద కొట్టినాడు." అంతే. ముందు పదేండ్ల చరిత్ర చెప్తే ఈ వాక్యం ఆ చీటీలో ఎక్కదు. ఎంఎల్‌సీ నెంబరును ఓపీ చీటీ మీదే వేయించుకోవాల, ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయాల పత్రం, మామూలుగా పోలీసులకు పోతాది గానీ ఆమె చేతికి రాదు.

వనజ: పోయినసారి జారిపడినానని చెప్పేసినామె?

శేఖర్: పాత చీటీ చించొద్దు. ఈసారి నిజం చెప్పి, అప్పుడెందుకు చెప్పలేకపోయిందో కూడా చెప్పాల, అత్త పక్కనే ఉండింది అని. రెండు చీటీలూ పెట్టాల. దాచిన చీటీని అవతలి లాయరు బయటికి తీస్తే ఈమె అబద్ధాలకోరు అయిపోతాది.

వనజ: ఆస్పత్రిలో ఉండే పోలీసు ఔట్‌పోస్టు అంటే భయం కూడా ఉండాది. ఎంఎల్‌సీ అంటే వెంటనే మొగుణ్ణి లోపలేస్తారని.

శేఖర్: ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం పోతాది, వాళ్ళొచ్చి ఆమె మాట రాసుకుంటారు. రాసింది చదివించుకొని సంతకం పెట్టాల. చదవను రాకపోతే చదివి వినిపించమనాల.

వనజ: ఇంకోటి. ఇది నవ్వుతా చెప్పేది కాదు.

శేఖర్: గొంతు.

వనజ: గొంతు. పిసికినాక పైన గీత కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురు పోతాది, మింగితే నొప్పి, కంటి తెల్లగుడ్డులో సన్న ఎర్ర చుక్కలు, ఒక్క నిమిషం తెలివి తప్పి ఉండొచ్చు, లేదా ఉచ్చ పడి ఉండొచ్చు. ఆమె సిగ్గుపడి చెప్పదు. లోపల మెడ రక్తనాళం దెబ్బ తింటే గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత పక్షవాతం లాగా వచ్చేస్తాది. అందుకని ఏమీ కనపడకపోయినా అదే రోజు క్యాజువాలిటీకి. "గొంతు పిసికినాడు" అనే మాటే చెప్పాల, "గొడవ పడినాం" అనొద్దు. గొంతు మీద చెయ్యి వేసిన మనిషి ఆ తర్వాత చంపే దాకా పోయే ప్రమాదం చానా ఎక్కువ. ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు.

[కాసేపు నిశ్శబ్దం]

శేఖర్: బాలా, నీళ్ళు.

వనజ: ఎంత టైమైంది? సగం అయిపోయిందా? ఇంకా మూడు తలుపులు ఉండాయి.

శేఖర్: పరిగెత్తుదాం. నాలుగు, డీవీ సెల్, అంటే గృహహింస సెల్. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో ఉంటాది. రక్షణాధికారి ఉంటారు, లీగల్ కౌన్సెలరు, సోషల్ కౌన్సెలరు ఉంటారు. ఫారం-1 వాళ్ళే నింపుతారు, డబ్బు కట్టాల్సింది లేదు. తేదీలు గుర్తు లేకపోతే వినాయక చవితి ముందు రోజు, గంగజాతర వారం అని చెప్పండి, క్యాలెండర్లో వెతికి వేసుకుంటారు. నగల పట్టీలో గ్రాములు వెయ్యండి, "బంగారు గాజులు" అని వదిలేస్తే రెండా ఆరా ఎవరికి తెలుసు?

వనజ: డీవీ సెల్‌లో ఆలస్యమైతే ఆగాల్సిన పని లేదు. ఆమె నేరుగా కోర్టులో వేసుకోవచ్చు, సెక్షన్ 12 కింద. రక్షణాధికారి నివేదిక లేకపోయినా మెజిస్ట్రేట్ ఆర్డరు ఇవ్వచ్చని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ఇచ్చిన ప్రతి అర్జీకీ రెండో కాపీ మీద ముద్ర.

శేఖర్: ఐదు, న్యాయ సేవాధికార సంస్థ. ఉచిత లాయరు. మగోళ్ళకైతే మామూలుగా ఆదాయం చూస్తారు, ఆడవాళ్ళకు చూడరు. 1987 చట్టంలోనే ఉండాది. ఉద్యోగం చేసే టీచరమ్మ కూడా అడగొచ్చు. కోర్టు ఆవరణలో ఉంటారు, లేదా 15100.

వనజ: ఆ లాయరు డబ్బులు అడిగితే?

శేఖర్: ఇవ్వద్దు. పంపినోళ్ళకే రాసివ్వాల, లాయరును మార్చమని. ఆరు, కోర్టు. అత్తగారిల్లు బెంగళూరైనా అమ్మగారిల్లు శ్రీకాళహస్తి అయితే ఇక్కడే వేసుకోవచ్చు, తాత్కాలికంగా ఉంటా ఉన్నా చాలు. మొదటి వాయిదా 3 రోజుల్లో, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చాలని చట్టం. అట్ల జరగడం తక్కువ. అందుకే మొదటి రోజే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగాల, ఫారం-3 అఫిడవిట్ జత చేసి. నోటీసు తిరిగొచ్చేది ఎక్కువగా అడ్రసు వల్లే. ఆయన పనిచేసే చోటు, ఫోను, ఇంటి దగ్గర గుర్తు, మూడూ రాయండి.

వనజ: ఖర్చులు దావా వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది నడిచినా ఆ తేదీ నుంచే. అంటే ఆ ముద్ర మీద తేదీ ఎంత విలువో చూడు.

శేఖర్: ఒప్పుకున్నా, ఒప్పుకున్నా. కౌన్సెలింగు ఒక్కమాట చెప్పు.

వనజ: రాజీ చేసేస్తామంటారు. కోర్టు పంపే కౌన్సెలింగుకు రూలుంది, "కూర మాడబెట్టింది గాబట్టి కొట్టినా" అనే సమర్థింపు ఆయన చెప్పేదానికే లేదు. చెప్పనిచ్చినారంటే ఆపమని ఈమె అడగొచ్చు. ఉత్తర్వు వచ్చినాక ఒక కాపీ ఠాణాకు కూడా పోతాది, పోయిందో లేదో ఆమే పోయి చూసుకోవాల. ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ కాపీ స్టేషన్లో లేకపోతే రాత్రి 11కి డ్యూటీలో ఉండే ఆయనకు ఏం చూపిస్తాది?

శేఖర్: జెరాక్సు.

వనజ: చెప్పినావు చూడు, నీ నోటితోనే.

శేఖర్: ఒకరు మెసేజ్ పెట్టినారు, ఇల్లు అత్త పేరు మీద ఉంటే కోడల్ని బయటికి పంపేయొచ్చా అని.

వనజ: ఊరికే పంపలేరు. 2020 తీర్పు ఉండాది, ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఆమె కాపురం చేసిన ఇల్లయితే సెక్షన్ 19 కింద అడగొచ్చు. కోర్టు అవసరమనుకుంటే వేరే అద్దె ఇల్లు కూడా ఇప్పిస్తాది. చిక్కు యాడ వస్తాదంటే, ఈమె పుట్టింటికి పోయిన మర్నాడే తాళం మారుస్తారు. అప్పుడు...

శేఖర్: అక్కా, బాలా చేతులూపుతా ఉండాడు.

వనజ: ఏంది? కరెంటా?

శేఖర్: రికార్డింగ్ కార్డు నిండిపోయిందంట. తాళం సంగతి వచ్చేవారం.

వనజ: వచ్చేవారం అట్లకాదు, మెసేజ్ పెట్టినామెకు ఇప్పుడే రాయి. తాళం ఫోటో తియ్యమను, తేదీతో...