చోళమండలం వెళ్లొచ్చా: బొమ్మలు సరే, పక్కన ఆ చీటీల సంగతేంటి?

అందరికీ నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో ఫ్రీగా వచ్చిన వస్తువు వల్ల పుట్టింది. నా వెనక గోడ మీద పడవల బొమ్మ కనిపిస్తోంది కదా, అదే ఆ వస్తువు. ప్రింటు. వేసినాయన మా నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు మనిషి. చెన్నైలో చోళమండలంలో వారం రోజులకి హాలు అద్దెకి తీసుకుని ఎగ్జిబిషన్ పెట్టారు. "ఒకసారి వచ్చి చూసి మీ ఛానల్లో రెండు మాటలు చెప్పండమ్మా" అని ఈ ప్రింటు కొరియర్లో పంపారు. డబ్బులు తీసుకోలేదు. పెట్రోలు, టోలు, దారిలో ఇడ్లీలు, అన్నీ నావే. బాగుంటే బాగుందంటా, లేకపోతే లేదంటా అని ఫోన్లోనే చెప్పా. సరేనన్నారు. తీరా ఎడిట్ చేసిన వీడియో పంపితే, "నా పేరు తీసేసి పెట్టుకోండమ్మా" అన్నారు. అందుకే పేరు చెప్పట్లేదు.

టైమింగులు, టికెట్టు, మ్యాపు లింకు అవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కం. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, ఆ రోడ్డు మీద బండి ముందుకి కదలదు. అంతే, ఆ సంగతి అయిపోయింది.

నెల్లూరోళ్లకి మద్రాసంటే పక్కిల్లు లెక్క. ఆసుపత్రికి అక్కడికే, పెళ్లి చీరలకి అక్కడికే. నేను చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు వెళ్లుంటానో. మహాబలిపురం బస్సులో ఆ గేటు ముందు నుంచే పోయుంటాం. ఒక్కసారీ దిగలేదు. పేరు చూసి ఏదో రాజుల కాలం నాటి గుడి అనుకునేదాన్ని.

గుడి కాదు, ఊరు. బొమ్మలేసేవాళ్లు, శిల్పాలు చేసేవాళ్లు కలిసి కొనుక్కున్న ఊరు. 1966లో మొదలైంది. అప్పుడు మద్రాసులో బొమ్మలు, శిల్పాలు నేర్పే ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపల్ కె.సి.ఎస్. పణిక్కర్. ఆ కాలేజీ 1850 నాటిది. అంత పాత కాలేజీలో చదివి బయటికొచ్చిన పిల్లలకి బొమ్మ కొనే నాథుడు లేడు. కడుపు కోసం ఏదో ఒక ఉద్యోగంలో చేరితే కుంచె మూలన పడుతుంది. పణిక్కర్ ఏం చేశారంటే, మీరు చేతిపనులు చేసి అమ్మండి, ఆ డబ్బుతో బతకండి, బొమ్మ మాత్రం మీకు నచ్చినట్టు వేసుకోండి అన్నారు. మైనం పూసి రంగులద్దే బాటిక్ గుడ్డలు, తోలు పని, లోహం పని చేసి అమ్మారు. అలా కూడబెట్టిన డబ్బుతో సముద్రం పక్కన దాదాపు పదెకరాల ఇసక నేల కొన్నారు. ముప్ఫై, నలభై మంది. మొదట్లో తాటాకు గుడిసెలే. ప్రభుత్వం కట్టించింది కాదు, ఏ సేఠో దానం చేసింది కాదు.

నాకు ఇక్కడే ఈ చోటు మీద ప్రేమ పుట్టేసింది, ఒప్పుకుంటున్నా. మా అమ్మమ్మ చీటీ పాట డబ్బుతో రెండు గదుల ఇల్లు కట్టింది. ఇదీ అలాంటి లెక్కే.

ఇప్పుడక్కడ రెండు రకాలుగా చూడాలి. ఒకటి, 2009లో తెరిచిన మ్యూజియం. మద్రాసు మూవ్‌మెంట్ అంటారే, పణిక్కర్, ఆయన చుట్టూ చేరిన ఆ తరం వాళ్ల పనులు అందులో ఉంటాయి. రెండోది, ఇండిగో, లబర్నమ్ అని అద్దెకిచ్చే హాళ్లు. వాటిలో ఎగ్జిబిషన్లు మారుతూ ఉంటాయి. మనల్ని పిలిచినాయన బొమ్మలు ఈ రెండో రకం. కానీ నేను ముందు మ్యూజియంలో దూరి, అందులోనే ఇరుక్కుపోయా.

కారణం పణిక్కర్ బొమ్మలే. చివరి పదిహేనేళ్లు దాదాపుగా ఆయన వేసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' సిరీస్ గురించి చెప్తున్నా. కాన్వాస్ నిండా అక్షరాలు. గళ్లు, అంకెలు, చక్రాలు, మధ్యలో ఒక చేప, ఒక పాము, పక్కన మళ్లీ రాత. చూడగానే మా తాతయ్య ట్రంకు పెట్టెలో ఉండే జాతకాల కట్ట గుర్తొచ్చింది. పసుపు అంటిన కాగితం మీద రాశి చక్రం గీసి, చుట్టూ సన్నటి రాత ఉంటుంది చూడండి, అచ్చం అదే. సరే, చదువుదామని కళ్లజోడు పైకి జరిపి, మెడ ముందుకి చాపి నిలబడ్డా. మలయాళంలా ఉంది, కాదు. తమిళమా, అదీ కాదు. మా మేనల్లుడు కెమెరా పట్టుకుని "అత్తా, చదవడం రావట్లేదా?" అని నవ్వుతున్నాడు. ఎవరికీ రాదురా నాయనా! అది చదవడానికి రాసిన రాత కాదు. రాతలా కనబడాలి, అంతే. లెక్కలు చదివే కుర్రాడి నోటు పుస్తకంలో అంకెలు, గుర్తులు, గీతలు నిండిన పేజీ చూసినప్పుడు తనకి ఈ దారి దొరికిందని ఆయనే చెప్పుకున్నారు. లెక్కల నోటు పుస్తకం చూసి నాకు ఎప్పుడూ టెన్షనే వచ్చింది. ఆయనకి ఇది వచ్చింది.

ఇక నా గొడవకి వస్తా. బొమ్మ పక్కన అంటించే చీటీ, లేబుల్. ఇది చోళమండలం మీద ఫిర్యాదు కాదు, మన దేశంలో గ్యాలరీలన్నిటి మీదా నా పాత కసి. లోపల చదవడానికి వీల్లేని రాత రాసిన మనిషి బొమ్మ ముందు ఇరవై నిమిషాలు హాయిగా నిలబడ్డా. చదవడానికే పెట్టిన చీటీల దగ్గర మాత్రం నాకు చుక్కెదురే. ఏముంటుంది అందులో? "అన్‌టైటిల్డ్. మిక్స్‌డ్ మీడియా ఆన్ కాన్వాస్." మిక్స్‌డ్ మీడియా అంటే ఏం కలిపారు సార్? రంగులో ఇసకా, బంకా, పాత పేపరా? కూర పేరు అడిగితే "మిశ్రమం" అని చెప్పినట్టుంది.

రెండేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో ఒక గ్యాలరీకి వెళ్లా, పేరొద్దు లెండి. చీటీలన్నీ నా మోకాళ్ల ఎత్తులో ఉన్నాయి. నాకేమో ప్రోగ్రెసివ్ అద్దాలు, దగ్గరివి చదవాలంటే అద్దం కింది భాగంలోంచి చూడాలి. ప్రతి బొమ్మకీ గొంతుక్కూర్చుని, తల వెనక్కి వాల్చి చదవాల్సొచ్చింది. ఎనిమిదో బొమ్మ దగ్గర లేవలేక గోడ పట్టుకున్నా. "బొమ్మ ముట్టుకోకండి మేడమ్" అని గార్డు పరిగెత్తుకొచ్చాడు. బొమ్మ కాదయ్యా, గోడ! ఆ వీడియో పాతవాళ్లు చూసే ఉంటారు.

దానికి పూర్తి వ్యతిరేకం రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీ. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. స్నేహితులు, ఇంటివాళ్లు పట్టుబట్టి ఆ బొమ్మల్ని కాపాడబట్టి ఈ రోజు మనం చూడగలుగుతున్నాం. నేను వెళ్లిన రోజు అక్కడొక పెద్దాయన, ఎవరో తెలియదు, నాలాగే చూడ్డానికి వచ్చిన మనిషే, ఒక్కో బొమ్మ ముందు నిలబడి పక్కవాళ్లకి కథ చెప్తున్నాడు. నేనూ ఆయన వెనకే తిరిగా. ఆ రోజు ఒక్క చీటీ కూడా చదవలేదు.

చోళమండలం మ్యూజియంలో ఇంకా చాలా ఉన్నాయి, గబగబా చెప్తా. పి.వి. జానకిరామ్ శిల్పాలు ఎక్కడ కనిపించినా ఆగండి. రాగి రేకుని సుత్తితో కొట్టి మలిచినవి. పక్క నుంచి చూడండి, ఎదురుగా కాదు. ఎదురుగా అయితే బొమ్మలాగే ఉంటుంది, పక్క నుంచి చూస్తే ఒళ్లంతా రేకే. జె. సుల్తాన్ అలీ మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పారు. ఎం. రెడ్డప్ప నాయుడు తెలుగువారే, దేవుళ్ల బొమ్మల సిరీస్ ఆయనది. కె. రామానుజం అని ఒకాయన ఇక్కడే ఉండి ఇంకుతో కోటలు, రెక్కల జంతువులు, టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మలు వేసేవారు. ముప్ఫై దాటిన కొన్నాళ్లకే, 1973లో పోయారు. ఆయన గురించి విడిగా ఒక వీడియో చేస్తా, ఇందులో ఇరికించను.

సరే, అసలు పిలిచిన చోటికి రావాలి కదా. అప్పటికే ఒంటిగంట దాటింది, మావాడు ఆకలని గోల.

హాల్లో ఇరవై రెండు బొమ్మలు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. ముందు చిన్న బల్ల, దాని మీద విజిటర్స్ బుక్, పురికొసతో కట్టిన పెన్ను. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. మేం వెళ్లేసరికి లోపల ఇంకో ఇద్దరే ఉన్నారు. వాళ్లలో ఒకరు ఫోన్ మాట్లాడుకుంటున్నారు.

మొదటి నాలుగు బొమ్మలు నాకు ఎక్కలేదు. సూర్యాస్తమయం, పడవ, మళ్లీ సూర్యాస్తమయం. ఆ నారింజ రంగు క్యాలెండర్లలో చూసి చూసి విసుగొచ్చేసింది. పైగా ఫ్రేముకి అద్దం బిగించారు, లైటు ఎదురుగా కొడుతోంది. పడవలో నా ముఖం, నా ముఖం వెనక మావాడి కెమెరా. చీటీ చూశా. "అన్‌టైటిల్డ్ 1." పక్కన "అన్‌టైటిల్డ్ 2." ఇరవై రెండు దాకా అంతే! నాకు కోపం నషాళానికంటింది. ఆయన ముందే అనేశా, "ఏమండీ, పిల్లలకి ఒకటి, రెండు అని పేర్లు పెడతామా?"

ఆయన ఏమీ అనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగా. రంగు తక్కువ. బూడిద రంగు ఇసక, మీద బోర్లా పడుకోబెట్టిన తెప్ప, దాని నీడలో కూర్చుని ఒక మనిషి వల అల్లుతున్నాడు. వీపే కనిపిస్తుంది. కాలి బొటనవేలికి వల తాడు తగిలించి లాగిపట్టాడు. బొటనవేలి గోరు కూడా వేశారు, విరిగి ఉంది. "ఇదేంటండీ?" అన్నా. "మా నాయన, అమ్మా" అన్నారు. "ఆ గోరు పడవ ఎక్కి చితికింది. మళ్లీ సరిగ్గా రాలేదు. చచ్చిపోయేదాకా అట్టాగే ఉండింది."

మరి ఈ మాట చీటీ మీద ఎందుకు రాయలేదండీ? అడిగా. "చెన్నైలో తెలుగు ఎవరు చదువుతారమ్మా, ఇంగ్లీషులో రాస్తే అది మా నాయనలాగా ఉండదు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అక్కణ్నుంచి ఇరవై రెండు దాకా ఆయన్ని పక్కన పెట్టుకుని నడిచా. తెల్లవారుజామున చేపలు తూకం వేసే చోటు, తుఫాను తర్వాత దొరికిన సగం పడవ, ఎవరింటి అరుగో. ముప్పావుగంట పట్టింది. ఫోన్ మాట్లాడుతున్నాయన కూడా ఫోన్ జేబులో పెట్టేసి మా వెనకే వచ్చాడు. తమిళాయన, తెలుగు సగం సగం అర్థమవుతోంది, అయినా వచ్చాడు. చివరికి పదమూడో నంబరు బొమ్మ కొన్నాడు, దాని పక్కన ఎర్ర స్టిక్కర్ అంటించారు.

కాబట్టి నా తీర్పు అడిగితే, అద్దె హాలు ఎగ్జిబిషన్లో సగం బొమ్మలు మామూలువే. అద్దాలు తీసేయాలి, ఆ సూర్యాస్తమయాలు ఇంట్లో పెట్టుకోవాలి. చోళమండలానికి మాత్రం నేను మళ్లీ వెళ్తా, ఈసారి పొద్దున్నే. మీరు వెళ్తే మ్యూజియం చూసి తిరిగొచ్చేయకండి. ఆ వారం హాల్లో ఎవరున్నా, కుర్చీలో కూర్చున్న మనిషిని లేపి అడగండి. మొహమాటపడకండి, వాళ్లు అందుకే కూర్చుంటారు.

ఆ, స్టార్లు. మ్యూజియానికి ఐదు. హాలుకి మూడు. తొమ్మిదో నంబరుకి ఐదు. చీటీలకి సున్నా.

ఈ ప్రింటు వెనక గోడకి తగిలించేటప్పుడు కింద నేనే ఒక చీటీ అంటించా. ఒరేయ్, కాస్త దగ్గరగా చూపించు. కనిపిస్తోందా? "తుఫాను తర్వాత దొరికిన పడవలు. ఎవరివో తెలియదు." ఆయన చెప్పిందే, తెలుగులోనే రాశా. బ్యాటరీ అయిపోతోందంటున్నాడు మావాడు. ఉంటానండీ.